జొన్నగిరి దారిలో బ్రేకు వణికింది!

మా నాన్న రెండు నెలలుగా కారు తీయడం లేదు.

ఈ సంగతి ఫోన్లో ఎవరూ చెప్పలేదు. శనివారం పొద్దున బెంగళూరు బస్సు దిగి ఎమ్మిగనూరులో ఇంటికెళ్తే వాకిట్లో కారు మీద కవరు, కవరు మీద వేపాకులు. అమ్మ కాఫీ గ్లాసు చేతికిస్తూ, "మంత్రాలయం పోక ఎన్ని గురువారాలైందో" అంది. నాన్న పేపర్లోంచి తలెత్తకుండానే, "పెట్రోలు ధర సూడు ఎట్లుందో" అన్నాడు.

నేను నమ్మలేదు. 2014లో కొన్న ఆ కారు మా ఇంట్లో మూడో బిడ్డ. ఆదోనిలో జిన్నింగు మిల్లు గుమాస్తాగా ఏళ్ల తరబడి స్కూటరు మీద తిరిగి, రిటైర్మెంటు దగ్గర పడ్డాక కొనుక్కున్న బండి. పెట్రోలు ఎంత పెరిగినా గురువారం రాఘవేంద్ర స్వామి దర్శనం మాత్రం ఏనాడూ ఆగలేదు. మరి ఇప్పుడేమైంది?

అడిగితే చెప్పే మనిషి కాదు. అందుకే వేరే దారిలో వెళ్లాను.

"వానలు పడ్డాయి కదా నాన్నా, రేపు జొన్నగిరి పోదామా? నువ్వు చిన్నప్పుడు జేజినాయనతో వజ్రాలు ఏరడానికి పోయేవాడివంట కదా!"

నాన్న మొహం వెలిగింది. మరుక్షణమే బీరువా మీదున్న తాళం తీసి నా చేతిలో పెట్టాడు. "పోదాం. నువ్వే తోలు."

తన కారు ఇంకొకరు తోలుతుంటే పక్క సీట్లో కుదురుగా కూర్చోలేని మనిషి అన్న మాట అది.

"నీక్కూడా తెలుస్తాందా?"

ఆదివారం తెల్లవారుజామున ఐదుకే బయల్దేరాం. ఎమ్మిగనూరు నుంచి ఆదోని, అక్కణ్నుంచి ఆస్పరి మీదుగా పత్తికొండ, ఆపైన తుగ్గలి మండలంలో జొన్నగిరి. ఇదీ దారి. రాత్రి వాన పడినట్టుంది, రోడ్డు పక్క నల్లరేగడి చేలు తడిసి ఉన్నాయి. ఊరు దాటాక స్పీడు అరవై అందుకుంది. ముందు ఒక ఎద్దులబండి కనిపించి మెల్లగా బ్రేకు తొక్కాను.

పాదం కింద పెడల్ కొట్టుకుంది.

గట్టిగా కాదు. పెడల్ అడుగు నుంచి ఎవరో వేలితో టకటకా తట్టినట్టు. స్పీడు తగ్గే కొద్దీ ఆ తట్టడం కూడా నిదానమైంది. టక టక టక... టక, టక... టక. కారు ఆగే ముందు ఒక్కో దెబ్బా విడివిడిగా తెలిసింది. స్టీరింగు కూడా చేతుల్లో సన్నగా అటూ ఇటూ ఊగింది.

"నాన్నా, ఈ బ్రేకు ఇట్ల కొట్టుకునేది ఎప్పట్నుంచి?"

నాన్న వెంటనే బదులు ఇవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తున్నవాడు నా కాలి వైపు తిరిగాడు. తర్వాత నా మొహంలోకి.

"నీక్కూడా తెలుస్తాందా?"

ఆ "కూడా" నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. కారు పక్కకు తీసి ఆపాను. అప్పుడు చెప్పాడు. ఏప్రిల్లో ఒకరోజు మంత్రాలయం నుంచి వస్తుంటే బ్రేకు మీద కాలు వణికినట్టు అనిపించిందట. ఎండకేమో అనుకున్నాడట. మళ్లీ వచ్చింది. మళ్లీ. మా పెద్దనాన్నకు అరవై దాటాక చేతులు, కాళ్లు వణికే జబ్బు వచ్చింది. చివరి రోజుల్లో టీ గ్లాసు కూడా పట్టుకోలేకపోయాడు. నాన్నకు ఇప్పుడు అరవై ఆరు.

"కాలు నా మాట ఇంటలేదనుకున్నా. మీ అమ్మను పక్కన కూచోబెట్టుకోని ఎట్ల తోలేది? అందుకే ఆపేసినా" అన్నాడు.

"కారుదేమో అని అనుకోలేదా?"

"బ్రేకులన్నీ నువ్వు కొత్తవి ఏపిచ్చినావు కదప్పా. కొత్త సామాన్లు యాడ చెడిపోతాయి?"

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఎందుకంటే ఆ బ్రేకులు వేయించింది నేనే.

కొత్త పార్టు అమాయకత్వం

సంక్రాంతికి వచ్చినప్పుడు కారు బెంగళూరు తీసుకెళ్లాను. ముందు చక్రాల డిస్కులు బాగా అరిగాయి. పన్నెండేళ్లుగా ఆ బండి చూస్తున్నది ఆదోనిలో ఒక భాయ్. నాన్న ఆయన దగ్గరికే వెళ్దామన్నాడు. "అక్కడ ఏసీ వెయిటింగ్ హాలు, కంప్యూటర్ బిల్లు, ఒరిజినల్ పార్టులు" అని నేనే మా ఆఫీసు దగ్గరి ఒక వర్క్‌షాపులో ఇచ్చాను. రెండు కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు. వాళ్లు పని చేస్తున్న గంటన్నరా నేను ల్యాప్‌టాప్ తెరిచి మీటింగులో ఉన్నాను. కారు తెచ్చి ఇంటి దగ్గర వదిలాను. రెండు వేల కిలోమీటర్లు దాటే దాకా బ్రహ్మాండంగా పనిచేసింది.

అందుకే నాన్న కారును అనుమానించలేదు. నేనైనా అంతే చేసేవాణ్నేమో.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ల మొదటి ప్రశ్న ఒకటుంది. నిన్నటిదాకా పనిచేసింది ఈ రోజు చెడిందంటే, మధ్యలో ఏం మార్చాం? ఈ కారులో మార్చినవి బ్రేకులే. కాబట్టి మొదట చూడాల్సింది కొత్తగా చేసిన పనినే. అంటే కొత్త పార్టు చెడ్డదని కాదు, దాని చుట్టూ ఉన్నదంతా అనుమానించాలని.

కానీ అప్పుడు టైం ఆరు కూడా కాలేదు. భాయ్ షెడ్డు తొమ్మిదికి గానీ తెరవడు. ముందుకు వెళ్లడం క్షేమమేనా అన్నది తేల్చుకోవాలి. బానెట్ ఎత్తి బ్రేకు ఆయిల్ డబ్బా చూశాను, గీత దగ్గరే ఉంది. చక్రాల లోపలి వైపు ఎక్కడా తడి లేదు. పెడల్ మెత్తగా కిందికి దిగిపోవడం లేదు. బ్రేకు వేస్తే కారు ఒక పక్కకు లాగడం లేదు. వీల్ నట్లు ఒక్కొక్కటీ స్పానరు పెట్టి చూశాను, ఏదీ వదులుగా లేదు. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా అక్కడే బండి ఆపేసి భాయ్ కోసం కూర్చునేవాళ్లం. మీరూ అదే చేయండి. అన్నీ సరిగానే ఉన్నాయి కాబట్టి యాభై దాటకుండా, ముందు బండికి దూరంగా వెళ్దామనుకున్నాం.

ఇక దారి పొడవునా పరీక్షలు.

మొదటిది లెక్క. మా టైరు చుట్టుకొలత దాదాపు 1.8 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల స్పీడులో చక్రం సెకనుకు తొమ్మిది సార్లు తిరుగుతుంది, 20లో మూడు సార్లు. పెడల్ దెబ్బలు కూడా స్పీడుతోపాటే తగ్గుతున్నాయి. 20 దగ్గర నాన్న వాచీ పట్టుకుని లెక్కపెట్టాడు. ఐదు సెకన్లలో పదిహేను, ఒకటి అటూ ఇటూ. అంటే ఈ తట్టుడు చక్రంతోపాటు తిరుగుతున్నదే. మనిషి కాలు వణుకు కిలోమీటర్ల లెక్క చూసుకుని రాదు కదా!

ఈ మాట అంటే నాన్న నవ్వాడు. ఆ రోజుకు అదే మొదటి నవ్వు.

రెండోది ఏబీఎస్. బురదలోనో, ఇసుకలోనో గట్టిగా బ్రేకు తొక్కితే ఏబీఎస్ ఉన్న కార్లలో పెడల్ గడగడా కొట్టుకుంటుంది. అది జబ్బు కాదు, చక్రం జారకుండా అది చేసే పనే అంత. పొడి రోడ్డు మీద మెల్లగా తొక్కినా అలా కొడితే మాత్రం దాని సెన్సరు చూపించాలి. మన దేశంలో కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, అన్ని కార్లకూ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. మాది అంతకు ముందుది, అందులో ఏబీఎస్సే లేదు. ఒక అనుమానితుడు తగ్గాడు.

మూడోది ముందా, వెనకా? ఆస్పరి దాటాక తిన్నని ఖాళీ రోడ్డు దొరికింది. ముందూ వెనకా ఎవరూ లేరని చూసుకుని, ముప్పై స్పీడులో, హ్యాండ్‌బ్రేకు బటన్ నొక్కి పట్టుకునే మెల్లగా పైకి లాగాను. మా కారులో హ్యాండ్‌బ్రేకు వెనక డ్రమ్ములనే పట్టుకుంటుంది. కారు నునుపుగా నెమ్మదించింది, ఎక్కడా తట్టుడు లేదు. వెనక డ్రమ్ములు నిర్దోషులు. పైగా స్టీరింగు ఊగుతోంది. అంటే దోషి ముందు చక్రాల్లోనే ఉంది. (తడి రోడ్డు మీద, ట్రాఫిక్‌లో ఈ పరీక్ష చేయొద్దు. బటన్ వదిలేస్తే హ్యాండ్‌బ్రేకు అలాగే పట్టేసుకుని వెనక చక్రాలు జారొచ్చు.)

పత్తికొండలో టీ తాగేటప్పుడు గమనించాను. నాన్న గ్లాసు ఎత్తి కాసేపు గాల్లోనే ఉంచి చూసుకున్నాడు. టీ కదల్లేదు.

ఎర్రమట్టిలో వెతుకులాట

జొన్నగిరి చేరేసరికి ఎండ ఏటవాలుగా ఉంది. నల్లరేగడి పోయి ఎర్రమట్టి వచ్చేసింది. ఊరి బయట చెట్ల కింద టార్పాలిన్లు, పొయ్యి రాళ్లు, వరసగా బైకులు. చేలల్లో వంగి నడుస్తున్న మనుషులు. పిల్లలు, ముసలివాళ్లు, మా వయసు కుర్రాళ్లు. అందరి తలలూ కిందికే. సెల్‌ఫోన్ చూడకుండా ఇంతమంది తల దించుకున్నది నేనెప్పుడూ చూడలేదు!

తొలకరి పడితే చాలు జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి, పెరవలి, మద్దికెర చుట్టుపక్కల చేలల్లో వజ్రాల వేట మొదలవుతుంది. వాన పైమట్టిని కడిగేస్తుంది, లోపలి రాళ్లు తేలుతాయి. ఇక్కడికి దగ్గర్లోనే అనంతపురం జిల్లా వజ్రకరూరు ఉంది. భూమి లోతుల్లోంచి వజ్రాలను పైకి మోసుకొచ్చే కింబర్లైట్ రాయి ఆ ప్రాంతంలో బయటపడింది. రాయలసీమలో వజ్రాల మాట ఊరికే పుట్టింది కాదు. దొరికినవాళ్ల కథలు ప్రతి ఏడాదీ పేపర్లలో వస్తాయి. దొరకనివాళ్ల కథలు రావు. వాళ్లే ఎక్కువ.

ఒక పెద్దామె దగ్గర ఆగాం. ప్రకాశం జిల్లా నుంచి కోడలితో వచ్చిందట, ఆరేళ్లుగా వస్తోందట.

"ఎట్టా వెతుకుతారు పెద్దమ్మా?" అన్నాను.

"మెరిసిందల్లా ఏరితే సంచి నిండిద్ది బాబూ. సాయంత్రానికి చూస్తే అన్నీ పలుగురాళ్లే, గాజుపెంకులే. ముందు నేల చూడటం నేర్చుకోవాలి. సూర్యుడికి ఎదురుగా, ఒక వరసే పట్టుకుని నడవాలి. చూసిన చోట మళ్లీ చూడకూడదు, చూడని చోటు వదలకూడదు."

మా టీమ్ లీడ్ చెప్పినదాని కంటే బాగా చెప్పింది!

"ఏమన్నా దొరికిందా?" అని నాన్న అడిగితే, "దొరికితే ఈ ఎండలో ఎందుకుంటానయ్యా?" అని నవ్వింది.

నాన్న కూడా చెప్పులు విప్పి ఒక గట్టు వెంట దిగాడు. అయితే అంతకుముందే అక్కడున్న రైతును అడిగాడు. ఇక్కడికి వచ్చే కుర్రాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇవి ఖాళీ స్థలాలు కావు, విత్తనం పడిన చేలు. వేటగాళ్ల కాళ్ల కింద మొలక నలిగిపోతోందని రైతులు మొత్తుకుంటారు. విత్తిన చేలో దిగొద్దు, అడగకుండా ఏ చేలోనూ దిగొద్దు.

గంటసేపు నాన్న వెనకే నడిచాను. అరవై ఏళ్ల కిందట జేజినాయన తనను భుజాల మీద ఎక్కించుకుని ఈ వాగు దాటించాడట. వజ్రం దొరికితే ఎద్దుల జత కొనాలని ఆయన ఆశ. దొరకలేదు. "అయినా పతి ఏడూ వచ్చేటోడు. పని లేని రోజుల్లో మనిషికి ఏదో ఒక ఆశ ఉండల్ల కదా" అన్నాడు నాన్న. మాకు దొరికింది ఒక గుండ్రటి పలుగురాయి. జేబులో వేసుకున్నాడు.

జొన్నగిరికి ఇంకో పేరు కథ ఉంది. కర్ణాటకలోని బ్రహ్మగిరి, సిద్ధాపుర శాసనాల్లో అశోకుడి దక్షిణ రాజధానిగా 'సువర్ణగిరి' కనిపిస్తుంది. అది ఈ జొన్నగిరే అని కొందరు చరిత్రకారులు, కాదు మస్కి దగ్గరి కనకగిరి అని మరికొందరు అంటారు. అది తేలకపోయినా బంగారం మాత్రం ఇక్కడ నిజమే. జియోమైసూర్ సంస్థ చేపట్టిన బంగారు గని ఈ చుట్టుపక్కలే ఉంది.

అదే మండలంలోని ఎర్రగుడి అశోకుడి శాసనాలు చూడకుండా వెనక్కి రావొద్దు. గుత్తి, పత్తికొండ రోడ్డు పక్కన రాతిగుట్ట, పైన బండల మీద బ్రాహ్మీ లిపి. దాదాపు 2,250 ఏళ్ల నాటి రాత. పద్నాలుగు పెద్ద శాసనాలూ, చిన్న శాసనాలూ ఒకే చోట ఉండటం అరుదు. ఇంకో విచిత్రం, చిన్న శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కారు. ఒకే వైపు నుంచి చదువుకుంటూ పోతే ఏమీ అర్థం కాదు.

నేనూ కారును అప్పటిదాకా ఒకే వైపు నుంచి చదువుతున్నాను. 'డిస్క్ వంకర పోయింది, ఇంకో కొత్తది వేస్తే పోతుంది.' ఫోన్లో వెతికితే సగం మంది చెప్పేదీ అదే. భాయ్ దగ్గరికెళ్లాక తెలిసింది, వెనక నుంచి చదవాలని.

భాయ్ షెడ్డులో గడియారం

ఆదోనిని మా వైపు రెండో ముంబై అంటారు. పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు, వాటి మీద బతికే వందల చిన్న పనులు. భాయ్ షెడ్డు కూడా అలాంటి వీధిలోనే. ఆదివారం కూడా తీస్తాడు, శుక్రవారమే సెలవు. మధ్యాహ్నం మూడున్నరకు మేం వెళ్లేసరికి బిర్యానీ తిని నిమ్మసోడా తాగుతున్నాడు.

"ఏమన్నా, ఇన్ని నెల్లు కనపడలేదు? బెంగళూరు డాక్టరు బాగ చూస్తాండాడా?" అన్నాడు నాన్నతో, నన్ను చూస్తూ. నేను తల దించుకున్నాను. వజ్రాలు వెతుకుతున్నట్టు.

దారిలో చేసిన పరీక్షలన్నీ చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. ఒకటే అడిగాడు. "ఏసిన రోజే కొట్టుకునిందా, తర్వాత మొదలైందా?"

"రెండు వేల కిలోమీటర్లు దాటాక."

"అయితే డిస్క్ బెండ్ కాలే బేటా. డిస్క్ కూచున్న కుర్చీ సూడాల."

ఎడమ చక్రం జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రం తీశాడు. డిస్కును వీల్ నట్లతోనే, వాషర్లు వేసి హబ్‌కు బిగించాడు. కుర్రాణ్ని పక్క వీధి లేత్ షాపుకు పంపాడు. జిన్నింగు మిల్లుల షాఫ్టులు సరిచేసే షాపు అది. కుర్రాడు గడియారంలాంటి వస్తువు తెచ్చాడు, డయల్ గేజ్. అయస్కాంతం కాలు ఉంటుంది, ముల్లు ఒక్క గీత కదిలితే మిల్లీమీటరులో నూరో వంతు. దాని మొనను డిస్క్ అంచు దగ్గర ఆనించి చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పాడు. ముల్లు పోతూ పోతూ పద్నాలుగు గీతలు కదిలింది. 0.14 మిల్లీమీటర్లు. సాధారణంగా 0.1 లోపే ఉండాలని కంపెనీలు చెబుతాయి, ఇంకా తక్కువ అడిగేవీ ఉన్నాయి. కుడి చక్రం చూస్తే నాలుగు గీతలే.

"ఇప్పుడు సూడు" అని డిస్కును హబ్ నుంచి లాగాడు.

హబ్ మీద, డిస్క్ ఆనుకునే చోట, పాత తుప్పు పొర. ఒక పక్కన గోరు పెడితే ఊడొచ్చే పెచ్చు. బెంగళూరులో పాత డిస్క్ తీసి, హబ్ రుద్దకుండా కొత్త డిస్క్ తగిలించేశారు. పెచ్చు మందం ఒక తల వెంట్రుకంత కూడా లేదేమో. కానీ అది హబ్ అంచులో ఉంటే, ఇంకా దూరంగా ఉండే డిస్క్ అంచు దగ్గరికొచ్చేసరికి ఆ వంపు రెట్టింపు దాకా పెరుగుతుంది. కుర్చీ కాలు కింద చిన్న రాయి పడితే వీపు ఎంత ఊగుతుందో చూడండి, అలాగ.

"మరి మొదటి రోజే ఎందుకు కొట్టలేదు భాయ్?"

అసలు సంగతి ఇక్కడుంది. డిస్క్ కాస్త ఊగినా కాలిపర్ దాంతోపాటే అటూ ఇటూ జరుగుతుంది, పెడల్‌కు పెద్దగా తెలియదు. కానీ బ్రేకు వేయనప్పుడు కూడా ఆ ఎత్తు భాగం ప్రతి చుట్టులో ప్యాడ్‌ను రాసుకుంటూ పోతుంది. వేల కిలోమీటర్లు, లక్షల చుట్లు. అక్కడ కొంచెం కొంచెంగా అరిగి డిస్క్ ఒక చోట సన్నగా, ఒక చోట లావుగా అవుతుంది. అప్పుడు బ్రేకు తొక్కితే లావు భాగం వచ్చిన ప్రతిసారీ పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. పిస్టన్ ఆయిల్‌ను నెడుతుంది, ఆయిల్ గొట్టం వెంట వచ్చి మన పాదాన్ని నెడుతుంది. టక... టక... టక.

మైక్రోమీటర్‌తో డిస్క్ మందం ఎనిమిది చోట్ల కొలిచాడు. ఎక్కువకూ తక్కువకూ తేడా 0.03 మిల్లీమీటర్లు. తల వెంట్రుకలో సగం కూడా కాదు. అంత తేడా చాలు, ఒక మనిషి తన కాలి మీద నమ్మకం పోగొట్టుకోవడానికి.

కొత్త డిస్క్ కొనొద్దన్నాడు భాయ్. తుప్పు అలాగే ఉంచి ఇంకో కొత్తది వేస్తే, మళ్లీ రెండు వేల కిలోమీటర్లకు ఇదే కథ. ముందు రెండు హబ్‌లనూ వైర్ బ్రష్, ఎమరీ పేపర్‌తో లోహం మెరిసే దాకా రుద్దాడు. డిస్కుల్ని లేత్ మీద రెండు ముఖాలూ సన్నగా కోయించాడు. కోసిన తర్వాత మిగిలిన మందం, డిస్క్ మీదే ముద్రించి ఉండే కనీస మందం కంటే ఎక్కువ ఉందో లేదో నాతోనే కొలిపించాడు. కాలిపర్ పిన్నులు ఆడుతున్నాయా చూసి, గ్రీజు పెట్టాడు. ప్యాడ్ల పైపొర కాస్త రుద్దాడు. డిస్క్ తగిలించి మళ్లీ డయల్ గేజ్. ఈసారి ముల్లు నాలుగు గీతల దగ్గర ఆగింది.

వీల్ నట్లు కూడా ఎయిర్ గన్‌తో గుద్దలేదు. ఒకటి బిగిస్తే తర్వాత దాని ఎదురుది, రెండు మూడు విడతల్లో, చివరికి టార్క్ రెంచ్‌తో. "ఒక పక్కనే గట్టిగ బిగిస్తే బాగున్న డిస్క్ కూడ వంగుతాది" అన్నాడు.

మొత్తం బిల్లు, లేత్ పనితో కలిపి, బెంగళూరులో నేను కట్టినదాంట్లో పదో వంతు. డబ్బు లెక్క అటుంచండి. ఆ రోజు గంటన్నరలో నేను ఒక్కసారి ల్యాప్‌టాప్ మూసి, "హబ్ శుభ్రం చేశారా?" అని అడిగి ఉంటే చాలు. ఆ ప్రశ్న నాకు తెలియకపోవడం తప్పు కాదు. కొత్త పార్టు వేస్తే సమస్య తీరిపోయినట్టే అనుకోవడం మాత్రం తప్పు. కొత్తది దేని మీద కూర్చుంటుందో కూడా చూడాలి.

ఇంటిదారి

భాయ్ ఒక రౌండు తోలి వచ్చి తాళం నాకివ్వబోయాడు. నేను నాన్న వైపు చూపించాను.

నాన్న ఒక్క నిమిషం ఆలోచించాడు. కుడి కాలు ఒకసారి నేలకేసి తట్టుకున్నాడు. డ్రైవర్ సీట్లో కూర్చుని సీటు ముందుకు జరుపుకున్నాడు. రెండు నెలల తర్వాత.

కొత్తగా కోసిన డిస్కుకూ ప్యాడ్లకూ జత కుదరాలి. భాయ్ చెప్పినట్టే ఊరు దాటాక ఖాళీ రోడ్డు చూసుకుని యాభై నుంచి పది దాకా, మధ్యస్తంగా బ్రేకు వేస్తూ, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ ఎనిమిది సార్లు. వేడి మీద పెడల్ తొక్కిపట్టి నిలబెట్టకూడదు, ప్యాడ్ ముద్ర డిస్క్ మీద పడుతుంది. మొదటిసారి బ్రేకు వేసేటప్పుడు నాన్న దవడ బిగుసుకోవడం చూశాను. కారు నెమ్మదించింది. పాదం కింద ఏమీ లేదు.

రెండోసారి. మూడోసారి. ఐదోసారికి ఎఫ్ఎం పెట్టమన్నాడు.

"అయినా ఒకసారి కర్నూల్లో డాక్టరుకు చూపిద్దాం నాన్నా. కారుకు చేసినట్టే నీకూ ఒక చెకప్" అన్నాను.

"సూపిద్దాం లే. ఇంగ భయం లేదు కదా, పోయొద్దాం" అన్నాడు. భయం ఉన్నన్నాళ్లూ ఆసుపత్రి మాటే ఎత్తని మనిషి.

సోమవారం ఇంటి నుంచే పని చేసి, రాత్రి బస్సుకు బెంగళూరు వచ్చేశాను. గురువారం పదకొండు గంటలకు మీటింగులో ఉండగా అమ్మ నుంచి ఫోటో వచ్చింది. మంత్రాలయం, తుంగభద్ర ఒడ్డు, నాన్న కారు బానెట్‌కు ఆనుకుని నిలబడ్డాడు. అరచేతిలో ఆ జొన్నగిరి పలుగురాయి. కింద అమ్మ వాయిస్ మెసేజ్: "దీన్ని డ్యాష్‌బోర్డు మీద పెట్టుకున్నాడురా మీ నాన్న. బ్రేకేస్తే కదల్లేదని దారంతా నాకు సూపిచ్చుకుంటా వచ్చినాడు."